మర్నాటి దగ్గు: ఒక పెరటి స్నానాలగది కేసు

బరంపురంలో ఇళ్లు శుభ్రం చేసే చిన్న వ్యాపారం నాది. ఆరుగురు పనివాళ్లు, నెలవారీ ఒప్పందం మీద కొన్ని ఇళ్లు, పండుగల ముందు కొన్ని విడి పనులు. మేము శుభ్రం చేసి వెళ్లిన మర్నాడల్లా ఒక ఇంటి పెద్దాయనకు దగ్గు వచ్చేది. ఈ కేసులో దాదాపు మూడు నెలలు నేను అక్కర్లేని చోటల్లా వెతికాను. ఎక్కడ, ఏ ఆలోచనతో వెతికానో ఉన్నదున్నట్టు రాస్తే ఈ పనిలో ఉన్న మరొకరికి ఆ మూడు నెలలు కలిసివస్తాయి. ఇంటివాళ్లు సరేనన్న తర్వాతే రాస్తున్నాను. మనుషుల ఆనవాళ్లు కొన్ని మార్చాను. రసాయనాలను, వేళలను మాత్రం మార్చలేదు. ఈ కేసు తెమిలింది వేళల వల్లనే.

ఇల్లు, మనుషులు, మా అలవాటు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పాత వీధుల్లో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆ వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనించి, రైలుపెట్టెల్లా పొడుగ్గా ఉంటాయి. వీధి వైపు అరుగు, ఒకదాని వెనక ఒకటిగా గదులు, చివర పెరడు, నుయ్యి, దాని పక్కన స్నానాలగది. అటూ ఇటూ పొరుగువాళ్ల గోడలే కాబట్టి కిటికీలకు చోటు లేదు. గాలి ఆడితే ముందు నుంచి ఆడాలి, లేకపోతే పెరటి నుంచి. మా పనివాళ్లకు నేను మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: ఇలాంటి ఇంట్లో ఏం పోసినా దాని వాసన సాయంత్రం దాకా ఇంట్లోనే కాపురం ఉంటుంది.

ఇది అలాంటి ఇల్లే. మాస్టారు సైన్సు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి, ఎనభైకి దగ్గర పడ్డారు. చుట్ట మానేసి పాతికేళ్లయినా ఊపిరితిత్తులు దాన్ని మరచిపోలేదు. చలికాలంలో పిల్లికూతలు వినిపిస్తాయి. అమ్మగారు ఆయనకంటే చురుకు. కూతురు విశాఖపట్నంలో ఉంటుంది, మాతో ఒప్పందం కుదుర్చుకున్నది ఆమే. వారం విడిచి వారం, శనివారం పదింటికి ఇద్దరు మనుషులను పంపుతాం. బూజు, ఫ్యాన్లు, వంటగది గట్టు, రెండు స్నానాలగదులు వాళ్ల పని. అంట్లు తోమి, ఊడ్చి వెళ్లడానికి రోజూ పొద్దున్నే ఆరింటికి ఒకామె వస్తుందని అమ్మగారు మొదట్లోనే చెప్పారు. మేము వెళ్లేసరికి ఆమె ఉండదు. ఆమెను మేము చూడలేదు, మమ్మల్ని ఆమె చూడలేదు. నా పుస్తకంలో ఆమె గురించి ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.

మా సామాను గురించి కూడా చెప్పాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. బురద నిండిన ఇళ్లు కడిగిపెడుతూ ఆ తర్వాతి వారాల్లో నేను ఈ పనిలోకి వచ్చాను. అప్పుడు ఎక్కడ చూసినా బ్లీచింగ్ పౌడరే. కాలువల వెంట తెల్లటి చారలు, నూతుల్లో బ్లీచింగ్, గుమ్మాల ముందు బ్లీచింగ్. వరద నీళ్లు నిలిచిన చోట అది అవసరమే. నేను మాత్రం ఆ అలవాటును మామూలు రోజుల్లోకి, మామూలు ఇళ్లలోకి తెచ్చిపెట్టుకున్నాను. పని ముగించే ముందు బకెట్టు నీళ్లలో రెండు గరిటెల పొడి కలిపి, స్నానాలగది నేల కడిగి, పది నిమిషాలు ఉంచి నీళ్లు కొట్టడం మా పద్ధతి. చవక, పైగా ఆ వాసన వస్తే ఇంటివాళ్లకు పని జరిగినట్టు అనిపిస్తుంది.

ఫిర్యాదు

మా మూడో రాక తర్వాత సోమవారం కూతురు ఫోను చేసింది. "మీవాళ్లు వచ్చి వెళ్లిన మర్నాడు నాన్నగారికి దగ్గు వస్తోందండీ. ఒకసారి అయితే చలి అనుకునేదాన్ని. మూడుసార్లూ అదే వరస. కళ్లు కూడా మండుతున్నాయంటున్నారు. నిన్న అయితే స్కూల్లో ల్యాబు వాసన వస్తోందన్నారట. అమ్మ నవ్వేసింది."

ఆ చివరి మాట నేను కూడా నవ్వేసి వదిలేశాను. ఇప్పుడు తలచుకుంటే నాకు చిరాకు పుట్టేది అక్కడే. వాసన అనగానే నా బుర్ర మా ఫ్లోర్ లిక్విడ్ మీదకు పోయింది.

చేసి చూసినవి

మొదట నిమ్మ వాసన లిక్విడ్ మానేసి, వాసన లేనిది మొదలుపెట్టాం. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు ఘాటైన సువాసనలు పడవన్నది నిజమే. కానీ ఆ ఆలోచనలో ఒక కన్నం ఉంది. లిక్విడ్ వాసన ఎక్కువగా ఉండేది తుడిచిన రోజు మధ్యాహ్నం. ఆయనకు దగ్గు మర్నాడు వస్తోంది. ఈ తేడా నాకు తట్టకపోలేదు. "లోపలే నిలిచిపోయి ఉంటుంది" అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. నాలుగో రాక తర్వాతా దగ్గు వచ్చింది.

తర్వాత దుమ్మును అనుమానించాను. ఆయన పుస్తకాల బీరువాలు మూడున్నాయి, బూజు కర్రతో దులిపితే దుమ్ము లేస్తుంది, రాత్రంతా పడక మీద దిగుతుంది, పొద్దున్నే దగ్గు. మర్నాడు అన్న మాటకు ఇది అతికినట్టు సరిపోయింది. అందుకే ఐదో రాకలో పొడి గుడ్డ ముట్టుకోవద్దన్నాను. తడిగుడ్డతోనే తుడవడం, పడక మీద పాత చీర కప్పడం, అది మడిచి పెరట్లో దులపడం. పని గంటన్నర పెరిగింది. దగ్గు మాత్రం తగ్గలేదు.

అప్పుడు కూతురు, "మనిషిని మార్చి చూడండి" అంది. ఆ ఇంటికి వెళ్తున్న ఇద్దరిలో స్నానాలగదుల పని చేసేది నా దగ్గర అందరికంటే పాత మనిషి. ఇక్కడ ఆమెను పెద్దామె అంటాను. మార్చడం నాకు ఇష్టం లేదు, మార్చకపోవడానికి చెప్పగలిగిన కారణమూ లేదు. ఆరో రాకకు ఆమె స్థానంలో చిన్నమ్మాయిని పంపాను. ఆ ఆదివారం మాస్టారు దగ్గలేదు.

అంతే, కేసు తేలిపోయిందనుకున్నాను. పెద్దామె పొడి ఎక్కువ వేస్తోందని, నీళ్లు సరిగా కొట్టడం లేదని నిర్ణయించేశాను. ఆమెను పిలిచి అడిగితే, "నువ్వు చూపించిన గరిటెతోనే వేస్తున్నానమ్మా" అంది. నేను నమ్మలేదు. ఆమెను అపార్ట్‌మెంట్ మెట్ల పనికి మార్చాను. అక్కడ కూలి తక్కువ. ఒక్కసారి దగ్గు రాకపోవడాన్ని పట్టుకుని పదేళ్లుగా తెలిసిన మనిషి మాటను పక్కన పెట్టానన్నమాట.

ఏడో రాకకూ చిన్నమ్మాయే వెళ్లింది. ఆదివారం దగ్గు వచ్చింది, ఈసారి ముందుకంటే ఎక్కువగా.

పాల లెక్కల క్యాలెండర్

అప్పటిదాకా నేను "మర్నాడు" అన్న మాటను పట్టుకుని తిరుగుతున్నాను. మర్నాడు అంటే ఇరవై నాలుగు గంటలు. అందులో ఏ గంటలో, ఇంట్లో ఏ మూల, ఏం చేస్తుండగా అన్నది అడగలేదు. పైపు కారుతోందని ఎవరైనా అంటే ఎక్కడ అని అడగకుండా ఇల్లంతా తుడిచే పని ఇది.

అమ్మగారికి వంటగదిలో తెలుగు క్యాలెండర్ ఉంది. గళ్లలో పాల లెక్క రాస్తారు: అర, అర, ఒకటి, రాలేదు. అదే గడిలో ఆయన దగ్గిన వేళ కూడా రాయమని అడిగాను. మేము వచ్చిన వారమే కాదు, రాని వారాలు కూడా, రోజూ రాయమన్నాను. మామూలు రోజులు తెలియకపోతే చెడ్డ రోజు ఎందులో వేరో తేలదు కదా.

మూడు వారాల తర్వాత చూస్తే, ఎనిమిదో రాక మర్నాటి ఆదివారం గడిలో, పెన్సిలుతో, పాల లెక్క కింద ఇలా ఉంది: "అర. 7.20 స్నానం. దగ్గు చాలా. 9 తగ్గింది." మిగతా ఆదివారాల్లో "అర" తప్ప ఏమీ లేదు.

7.20. స్నానం. పడక కాదు, పుస్తకాలు కాదు, నేల తుడిచిన గదులు కాదు. పెరటి స్నానాలగదిలో, మేము కడిగి వెళ్లిన దాదాపు పద్దెనిమిది గంటల తర్వాత. అమ్మగారు లోపలి స్నానాలగది వాడతారు, అదీ తొమ్మిది తర్వాత. ఆమెకు ఏ రోజూ దగ్గు లేదు.

పద్దెనిమిది గంటలు అక్కడ ఏ వాసనా నిలవదు, పైన జాఫ్రీ ఉంది, రాత్రంతా తలుపు తెరిచే ఉంటుంది. అంటే శనివారం మేము వదిలినది వాసన కాదు, ఇంకేదో. ఆదివారం పొద్దున ఎవరో దాన్ని కదిలిస్తున్నారు. మా తర్వాత, మాస్టారికి ముందు, ఆ గదిలోకి వెళ్లేది ఒక్కరే.

ఆదివారం ఉదయం

తొమ్మిదో రాక మర్నాడు ఆరు కాకముందే వెళ్లి పెరట్లో నూతి గట్టు మీద కూర్చున్నాను. ఆమె వచ్చింది, యాభై దాటిన మనిషి. అంట్లు తోమింది, పెరడు ఊడ్చింది. తర్వాత స్నానాలగది గూట్లోంచి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసింది. చీటీ చింపేసి ఉంది. లోపల పావు వంతు లేత పసుపు రంగు నీళ్లు. వీధి చివర కొట్లో అమ్మే యాసిడ్.

మా ఊరి బోరు నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఆ సీసా వింత కాదు. కుళాయి మూతికి, బకెట్టు అంచుకు, నేల మీద నీళ్లు ఆరిన ప్రతి చోటా తెల్లటి గార కడుతుంది, నెల తిరిగేసరికి పసుపుపచ్చగా మారుతుంది. ఫినాయిల్‌కు కదలదు, సబ్బుకు కదలదు. యాసిడ్‌కు కరుగుతుంది. ఆదివారం ఆదివారం స్నానాలగది రుద్దినందుకు అమ్మగారు ఆమెకు నెలకు 150 రూపాయలు విడిగా ఇస్తారు.

ఆమె గోడ అంచుల వెంట పోసింది. చిన్నగా బుసబుసమంది. అది గార కరిగే నురగ, అందులో ఉండేది సోడా బుడగల్లో ఉండే వాయువే, దానితో పేచీ లేదు. చివర్లో నీళ్లు పోయే జాలీ మీద కాస్త ఎక్కువ పోసింది. అక్కడ నురగ జాలీ రంధ్రాల్లోంచి పైకి పొంగింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. కుళాయి నీళ్లలో మందు ఎక్కువైన రోజు వచ్చే వాసన, దానికి పదింతలు. గొంతు వెనక గీరుకుపోయినట్టయింది.

"అమ్మా, బయటికి వచ్చేసెయ్, ముందు బయటికి రా" అని ఆమె చెయ్యి పట్టి లాగాను. ఆమెకు అర్థం కాలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఏమీ కాదమ్మా, పొంగితేనే మురికి పోతుంది" అంది.

"ప్రతి ఆదివారం ఇలాగే పొంగుతుందా?"

"లేదమ్మా. ఒక వారం పొంగుతుంది, ఒక వారం పొంగదు."

నేను మూడు నెలలుగా వెతుకుతున్నది ఈ మనిషికి వారం వారం తెలుసు. అడిగినవాళ్లు లేరు.

అక్కడ చేసిన పని పెద్దగా ఏమీ లేదు, కానీ వరస ముఖ్యం కాబట్టి చెబుతాను. తలుపు బార్లా తెరిచి వదిలేశాను. మాస్టారిని, అమ్మగారిని వీధి అరుగు మీద కూర్చోబెట్టి, పెరటి వైపు గది తలుపు మూశాను. విరుగుడు అంటూ దాని మీద ఇంకేదీ పోయలేదు. ఏం కలిసిందో పూర్తిగా తెలియనప్పుడు మూడో రసాయనం పోయడం కంటే దూరంగా ఉండడం మేలు. గంటకు పైగా ఆగి, వాసన పూర్తిగా పోయాక, గుమ్మం బయట నిలబడే బకెట్లతో నీళ్లు కొట్టాను. పనిచేసే ఆమెకు కళ్లు ఎర్రబడ్డాయి, మంచినీళ్లతో చాలాసేపు కడిగించాను. ఆమెను, మాస్టారిని డాక్టరుకు చూపించాం. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ అని రెండు పేర్లూ కాగితం మీద రాసి తీసుకెళ్లాను. కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం పెరగవచ్చు, రాత్రి దాకా కనిపెట్టి ఉండమని డాక్టరు చెప్పారు. పెరగలేదు.

ఏం జరిగింది

బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో పూర్తిగా కరగదు. పైన తేట నీరు, అడుగున సున్నం లాంటి తెల్లటి మడ్డి మిగులుతుంది. ఆ మడ్డిలోనూ కొంత క్లోరిన్ ఉంటుంది. మావాళ్లు నేల కడిగాక బకెట్టు అడుగున మిగిలిన మడ్డిని పెరటి స్నానాలగది జాలీలో పోస్తున్నారు. ఆ జాలీ కింద, మురుగు వాసన రాకుండా ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండే చిన్న గిన్నె ఉంటుంది. మడ్డి ఆ గిన్నెలోకి దిగి కూర్చుంటోంది. ఆ గదిలో రాత్రి నీళ్లు వాడేవాళ్లు లేరు కాబట్టి అది కొట్టుకుపోదు. ఆ సాయంత్రం జాలీ ఎత్తి చూస్తే యాసిడ్ తినగా మిగిలినది ఇంకా వేలికి అంటింది, తడి సున్నంలా. చేతికి తొడుగు ఉంది లెండి.

పొద్దున్నే దాని మీద యాసిడ్ పడుతోంది. పొడిలో సున్నంతో ముడిపడి ఉన్న క్లోరిన్, యాసిడ్ తగలగానే ముడి వీడి వాయువుగా లేస్తుంది. క్లోరిన్ గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు బరువు. పైన ఉన్న జాఫ్రీ దాకా పోదు, నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. పనిచేసే ఆమె నిలబడి పోసి, రెండు చెంబుల నీళ్లు కొట్టి, వెళ్లిపోతుంది. ఆమె తర్వాత మాస్టారు వెళ్లి, తలుపు గడియ వేసుకుని, జాలీకి రెండు అడుగుల దూరంలో చిన్న పీట మీద కూర్చుని స్నానం చేస్తారు. కూర్చున్నప్పుడు ఆయన ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో నేను టేపుతో కొలిచాను. మూడడుగులు కూడా లేదు.

ఆరో రాక తర్వాత దగ్గు ఎందుకు రాలేదో కూడా ఆ రోజే తెలిసింది. ఆరో రాక మర్నాడు, అంటే చిన్నమ్మాయి మొదటిసారి వెళ్లినప్పుడు, పనిచేసే ఆమె మేనకోడలి పెళ్లికని ఇచ్ఛాపురం వెళ్లింది. మడ్డి ఉంది, యాసిడ్ పోసేవాళ్లు లేరు. మేము రాని వారాల ఆదివారాల్లో యాసిడ్ ఉంది, మడ్డి లేదు. రెండూ కలిసిన ఆదివారాల్లోనే దగ్గు. "మళ్లీ ఒకసారి చూసి నిర్ధారించుకోవచ్చు కదా" అని కూతురు ఫోనులో అడిగింది. వద్దన్నాను. విడివిడిగా ఏమవుతుందో క్యాలెండరే చెప్పేసింది, ఇక మిగిలింది ఆయన ఊపిరి మీద పరీక్ష.

మాస్టారు మాత్రం అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను అమ్మాయ్ ఈ సమీకరణం. బ్లీచింగ్ పౌడర్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, క్లోరిన్ తయారీ. ల్యాబు వాసన అని చెప్పాను కదా" అన్నారు. అమ్మగారు తల దించుకున్నారు. నేను కూడా.

ఇక ఆ మడ్డిని అక్కడే ఎందుకు పోశారు? పెద్దామెను అడిగాను. మురికి బకెట్టు ఆటోలోకి ఎక్కించొద్దన్నది నేనే. వీధి కాలువలో పొయ్యొద్దన్నది నేనే. కొబ్బరి చెట్టు మొదట్లో, తులసి కోట దగ్గర, నూతి పక్కన పొయ్యొద్దన్నది అమ్మగారు. మిగిలింది ఆ జాలీ ఒక్కటే. అందరి మాటా విన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె కూలి తేడా ఇచ్చేశాను, తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. ఆ ఇంటికి మళ్లీ వెళ్లడానికి రెండు నెలలు ఒప్పుకోలేదు.

సరిదిద్దడం, మళ్లీ బెడిసికొట్టడం

ఆ రోజు నుంచి మేము బ్లీచింగ్ పౌడర్ తేవడం మానేశాం. యాసిడ్ వాడొద్దని పనిచేసే ఆమెకు చెప్పి వచ్చాను. ఇదీ తొందరపాటే. నెల తర్వాత వెళ్లి చూస్తే నీళ్ల కాగు వెనక అదే సీసా దాచి ఉంది. కోపం వచ్చింది కానీ ఈసారి ముందు అడిగాను. యాసిడ్ మానగానే గార మళ్లీ కట్టింది. "ఏమి రుద్దుతున్నావే, పచ్చగా ఉంది" అని అమ్మగారు కసిరారు. రుద్దడం మానేస్తే ఆ 150 పోతుంది. నేను ఆమె చేతిలోంచి సీసా లాక్కున్నాను, బదులు ఏమీ పెట్టలేదు. అవే పరిస్థితుల్లో నేనైనా ఆ సీసా దాచుకునేదాన్ని.

నిలబడిన ఏర్పాటు ఇది. గార తీయడం మా పని. వారం విడిచి వారం నిమ్మ ఉప్పు వేడి నీళ్లలో కరిగించి, పాత గుడ్డ తడిపి కుళాయి మొదట్లో చుట్టి, నేల మీద పరచి అరగంట ఉంచితే గార మెత్తబడుతుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ బ్రష్. యాసిడ్ అంత వేగంగా పోదు. మొదటిసారి మూడు దఫాలు చేయాల్సి వచ్చింది. నిమ్మ ఉప్పు నీళ్లు గ్రానైట్ గట్టు మీద పోయకూడదు, పాలరాయి మీద అసలు పనికిరాదు, మెరుపు తినేస్తుంది. నిమ్మ ఉప్పు కూడా ఆమ్లమే కాబట్టి బ్లీచింగ్‌తో కలిస్తే అదీ క్లోరిన్‌ను లేపుతుంది. వెనిగర్ కూడా అంతే. "ఇంట్లో దొరికేదే కదా" అని ధీమాగా ఉండేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. అందుకే ఒక ఇంట్లో రెండు వర్గాల్లో ఒకటే ఉండాలి. ఆ ఇంట్లో బ్లీచింగ్ అనేదే లేదు, పొడి అయినా, సీసా అయినా.

పనిచేసే ఆమెకు 150 అలాగే ఉండాలని అమ్మగారితో కూర్చుని ఒప్పించాను. దానికి బదులు రోజూ మాస్టారి స్నానం అయ్యాక పొడవాటి వైపర్‌తో నీళ్లు లాగేస్తుంది, కుళాయి పొడి గుడ్డతో తుడుస్తుంది. నీళ్లు ఆరితేనే కదా గార మిగిలేది. దీనికి పట్టేది నాలుగు నిమిషాలు. నేల జారుడు తగ్గడం మేము అనుకోని లాభం. ఆ వయసులో స్నానాలగదిలో జారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మిగతా ఇళ్లలో

తిరిగి చూసుకుంటే మా ఒప్పంద కాగితంలో గదులు ఎన్ని, ఫ్యాన్లు ఎన్ని, కుక్క ఉందా అని అన్నీ ఉన్నాయి. మేము కాక ఆ ఇంట్లో ఇంకెవరు, దేనితో, ఏ రోజు, ఏ వేళకు కడుగుతారు అన్నది లేదు. ఇప్పుడు మొదటి ప్రశ్న అదే. మొదటిసారి వెళ్లినప్పుడు సింకు కింది అర, స్నానాలగది గూడు తెరిచి చూస్తాం, జాలీ ఎత్తి చూస్తాం. ఇంటివాళ్లకు కొందరికి ఇది నచ్చదు. వీలైతే పొద్దున పనికి వచ్చేవాళ్లు ఉండగానే ఒకసారి వెళ్తాను. వాళ్లకు తెలిసినది యజమానులకు తెలియదు.

చీటీ లేని సీసాలో ఏదీ ఉంచం. మావాళ్లలో కొందరికి ఒడియా చదవడం వచ్చు, కొందరికి తెలుగు, ఇద్దరికి ఏదీ రాదు. చీటీ మీద ఏ భాషలో రాయాలని వారం రోజులు తర్జనభర్జన పడ్డాక పెద్దామె, "మూతకు రంగు దారం కట్టు" అంది. ఆమ్లాలకు ఎర్ర దారం. ఎర్ర దారం ఉన్న బకెట్టులో ఇంకేదీ కలపకూడదు. అంతకంటే మంచి పద్ధతి నాకు ఇంకా దొరకలేదు. నేల కడిగిన నీళ్ల అడుగు ఇప్పుడు మూత ఉన్న బకెట్టులో ఆటో ఎక్కుతుంది.

వరద నీళ్లు చొచ్చిన ఇంటికి బ్లీచింగ్ ఇప్పటికీ వాడతాం. ముందు రోజే తేట తీసి, తేట మాత్రమే తీసుకెళ్తాం. ఆ ఇంట్లో ఎర్ర దారం సీసా దించం. మామూలు ఇళ్లలో సబ్బు నీళ్లు, బ్రష్షు, గాలి, ఎండ సరిపోతున్నాయి. దీనివల్ల ఒక ఇల్లు పోయింది కూడా. "ఏ వాసనా రావడం లేదు, మీరు కడిగినట్టే లేదు" అని వాళ్లు వేరే మనుషులను పెట్టుకున్నారు. పోనీ అనుకున్నాను. నెలకు 1,800 రూపాయల ఇల్లు, పోనీ అనుకోవడం అంత సులభంగా జరిగిందని మాత్రం అనను.

యాసిడ్ చిల్లర అమ్మకం మీద 2013లోనే సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. కొన్నవాళ్ల పేరు, చిరునామా రాసుకోవాలి, గుర్తింపు కార్డు చూడాలి. వీధి చివర కొట్లో అలాంటి పుస్తకమేదీ నేను చూడలేదు. కూల్‌డ్రింక్ సీసా తెస్తే అందులో పోసి ఇస్తారు. పనిచేసే ఆమె ఇంకా నాలుగిళ్లకు వెళ్తుంది. ఆ నాలుగిళ్లలోనూ అదే సీసా, అదే ఆదివారం. వాటిలో ఒక ఇంట్లో తొట్టె కడగడానికి బ్లీచింగ్ డబ్బా కూడా ఉందని మొన్న ఆమే చెప్పింది. ఆ ఇంటావిడకు ఎలా చెప్పాలో తెలియడం లేదట. "నేను చెబితే వినరమ్మా. నువ్వు ఒక అరకిలో నిమ్మ ఉప్పు ఇప్పించు, నేనే కొన్నానని చెప్పి మార్చేస్తాను" అంది. పొట్లం కట్టి, మూతి బిగించి, ఎర్ర దారం చుట్టి ఇచ్చాను.